చెరువు మేత వేళలు, ఆదివారం పూజ, కాటా: డెల్టాలో కతోలిక ఇంటి వారపు పద్ధతి

గట్టుమీదచెట్టు — మంగళవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. భీమవరం, నరసాపురం వైపు, అటు కోనసీమలో రొయ్యల చెరువుల మీదా వరి మీదా బతికే ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) కుటుంబాల కోసం అడుగుతున్నాను. విచారణ గుడి (ఫాదర్ గారు ఉండే పెద్ద గుడి) ఏ అయిదారు కిలోమీటర్లో ఉంటుంది. ఊళ్లో చిన్న గుడికి ఫాదర్ గారు నెలకి రెండు ఆదివారాలు వస్తే గొప్ప. చెరువుకి ఆదివారం తెలీదు కదండీ, మేత వేళకి మేత పడాల్సిందే.

"అనుదిన జీవితంలో క్రీస్తు శిష్యులుగా ఉండండి" అని ప్రసంగంలో వింటాం. బాగుంది. కానీ పొద్దున్న ఎన్నింటికి ఏం చేయాలి? ఏది తప్పనిసరి, ఎక్కడ వెసులుబాటు ఉంది? గాలి మాటలు వద్దండి. గంటలు, లెక్కలు, పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో అవి చెప్పండి.

పాత_ఉపదేశి — మంగళవారం, రాత్రి 9:48

ముందు తప్పనిసరివి చెప్తాను, అవి తక్కువే. ఆదివారం పూజలో, అంటే గుడిలో ఫాదర్ గారు జరిపే దివ్యబలిలో పాల్గొనడం. ఘోరపాపం చేసి ఉంటే ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం). పాస్కా (ఈస్టరు) కాలంలో దివ్యసత్ప్రసాదం. ఉపవాస, మాంస వర్జన దినాలు పాటించడం. శక్తి కొద్దీ శ్రీసభ (కతోలిక సంఘం) అవసరాలకు ఇవ్వడం. జపమాల, నవదిన జపాలు, తొలి శుక్రవారాలు ఇవన్నీ మంచివే, ఎంతో మంచివి, కానీ వాటిని తప్పనిసరి చేసి, అసలు తప్పనిసరిని వదిలేసే ఇళ్లు ఉన్నాయి. తొమ్మిది రోజుల జపం తప్పితే భయపడతారు, ఆదివారం పూజ తప్పితే మాత్రం "పని ఉందండి" అంటారు.

ఆదివారం బాధ్యత గురించి మనవాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. 1983 నాటి శ్రీసభ చట్టంలో 1248వ సూత్రం ప్రకారం శనివారం సాయంత్రం పూజకి వెళ్లినా ఆదివారం బాధ్యత తీరినట్టే. అది మీ విచారణలోనే కానక్కర్లేదు, ఎక్కడ జరిగిన కతోలిక పూజైనా సరే. కాబట్టి చెరువుల వాళ్లు మొదట చేయాల్సిన పని, చుట్టుపక్కల నాలుగు విచారణల పూజ వేళలు రాసి మేత షెడ్డు తలుపుకి అంటించుకోవడం. శనివారం సాయంత్రం పూజ ఏ పట్టణంలో ఉందో తెలిస్తే సగం చిక్కు తీరిపోయినట్టే.

నిజంగా వెళ్లలేని కారణం ఉంటే పాపం కాదు. జబ్బు, చంటిబిడ్డ, జబ్బు మనిషికి కాపలా, వాయిదా వేయడానికి వీల్లేని పని. అదే కారణం ప్రతి వారం వస్తుంటే మాత్రం విచారణ గురువుతో, అంటే ఫాదర్ గారితో మాట్లాడాలి. విడివిడి సందర్భాల్లో ఆ బాధ్యతను సడలించే, లేదా దాని బదులు మరో భక్తి క్రియ చెప్పే అధికారం ఆయనకుంది (1245వ సూత్రం). మనకి మనమే సడలించుకోవడం కుదరదు.

ఏరేటర్ — మంగళవారం, రాత్రి 10:30

చెరువు వేళల సంగతి నేను చెప్తానండి.

వెనామీ రొయ్యకి చాలాచోట్ల మేత 6, 10, 2, 6 గంటలకి. మేత వేసిన గంట, రెండు గంటల లోపు చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూసే పళ్లెం) ఎత్తి చూడాలి, రొయ్య సైజును బట్టి. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామున, మూడు నుంచి ఆరు లోపు. మబ్బు పట్టిన రోజైతే ఇంకా ముందే తగ్గుతుంది. అంటే మూడు నుంచి ఆరు వరకు గట్టు మీద మనిషి కదలకూడదు. ఏడింటి పూజకి ఇబ్బంది ఏరేటర్లతో (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) కాదు, ఆరింటి మేత తర్వాత చూడాల్సిన ట్రేతో.

దీనికి విరుగుడు పెద్దదేం కాదు. పక్కపక్క చెరువుల రెండు కుటుంబాలు వంతు పెట్టుకోవాలి. ఈ వారం ఒకరు శనివారం సాయంత్రం పూజకి వెళ్లి, ఆదివారం పొద్దున్న రెండు చెరువుల ట్రేలూ చూస్తారు. రెండో ఇంటివాళ్లు ఆదివారం పొద్దున్న అంతా కలిసి పూజకి వెళ్తారు. వచ్చేవారం తిరగేస్తారు. ఇక్కడ చెడేది ఎక్కడంటే, ట్రేలో మిగిలిన మేత ఎంతో నోటిమాటగా చెప్పుకోవడం. "కొంచెం మిగిలింది" అంటే ఎంత? పావా, సగమా? పలక మీద రాయాలి. రాయకపోతే పదింటి మేత ఎక్కువ పడి, అడుగున కుళ్లి, మూడో వారానికి "ఈ పూజల వల్లే చెరువు పాడైంది" అనే మాట పుడుతుంది.

వంతు మనిషి మన మతంవాడే కానక్కర్లేదండోయ్. వాళ్ల పండగలకి మనం చూస్తాం, మన ఆదివారానికి వాళ్లు చూస్తారు.

కుర్రోడు_రాజోలు — మంగళవారం, రాత్రి 10:41

ఫోన్లో లైవ్ పూజ చూస్తే సరిపోదా మాస్టారూ? గట్టు మీదే కూర్చుని చూడొచ్చు.

పాత_ఉపదేశి — మంగళవారం, రాత్రి 11:02

సరిపోదు బాబూ. మంచం మీదున్నవాళ్లకి, ముసలివాళ్లకి అది మంచి ఆసరా. కానీ పూజలో పాల్గొనడం అంటే అక్కడ ఉండడమే. వెళ్లగలిగినవాడు ఫోన్లో చూస్తే బాధ్యత తీరదు. నిజంగా వెళ్లలేనివాడికి అసలు బాధ్యతే లేదు కాబట్టి, ఫోన్లో చూడడం తన భక్తి కోసం. చూసేటప్పుడు సత్ప్రసాద వేళకి ఆధ్యాత్మికంగా ప్రభువుని స్వీకరించే జపం చెప్పుకోవడం మంచి అలవాటు. ట్రే ఎత్తుతూ ఓ కన్ను వేసి ఉంచడాన్ని మాత్రం పూజ అనకు.

గట్టుమీదచెట్టు — బుధవారం, ఉదయం 5:55

ఏరేటర్ గారూ, పలక మాట బాగుందండి. ఫాదర్ గారు రాని ఆదివారాల సంగతో?

పాత_ఉపదేశి — బుధవారం, ఉదయం 11:20

గురువు లేక పూజ దొరకనప్పుడు ఏం చేయాలో అదే 1248లో రెండో భాగం చెప్తుంది. గుడిలో వాక్య ఆరాధన జరిగితే దానికి వెళ్లమని, లేదా ఇంట్లో గానీ కొన్ని కుటుంబాలు కలిసి గానీ తగినంతసేపు ప్రార్థన చేయమని గట్టిగా సిఫార్సు చేస్తుంది. ఉపదేశి గానీ గురువు నియమించిన పెద్ద గానీ నడిపిస్తారు. వరస ఇదీ: సిలువ గుర్తు, పాపపు ఒప్పుకోలు, ప్రారంభ ప్రార్థన, మొదటి పఠనం, కీర్తన, రెండో పఠనం, సువిశేషం, పది నిమిషాలకు మించని వివరణ, విశ్వాస సంగ్రహం, విశ్వాసుల విన్నపాలు, పరలోక జపం, ముగింపు. మొత్తం నలభై అయిదు నిమిషాలు చాలు.

పొరపాట్లు ఎక్కడంటారా. ఒకటి, పుస్తకంలో ఉంది కదా అని పూజలోని సత్ప్రసాద ప్రార్థన చదివేయడం. అది గురువు మాత్రమే చెప్పాలి, ముక్క కూడా చదవకూడదు. రెండు, చివర్లో చెయ్యెత్తి జనాన్ని దీవించడం. నడిపేవాళ్లు "ప్రభువు మనలను ఆశీర్వదించుగాక" అంటూ తమ మీదే సిలువ గుర్తు వేసుకోవాలి. మూడు, వివరణ ఎవరినో ఎత్తిపొడవడానికి వాడుకోవడం, ముఖ్యంగా పంచాయతీ ఎన్నికల ముందు. కానుకలు అప్పటికప్పుడే ఇద్దరు లెక్కపెట్టి, పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఏ పఠనాలు చదవాలో తేల్చుకోలేకపోతే చిట్కా చెప్తాను. ఆదివారం పఠనాలు మూడేళ్లకోసారి తిరుగుతాయి, ఏ, బి, సి అని. ఏడాది అంకె మూడుతో శేషం లేకుండా భాగిస్తే అది సి సంవత్సరం. 2025 సి, 2026 ఏ, 2027 బి. అయితే శ్రీసభ ఏడాది జనవరిలో మొదలవదు, ఆగమన కాలం మొదటి ఆదివారం, అంటే నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో మొదలవుతుంది. డిసెంబరులో పాత సంవత్సరం పుస్తకం తెరిచి చదివేసే గుడులు ఎన్నో.

ఇంకో మాట. పక్క వీధి ప్రార్థన మందిరానికి స్నేహంగా వెళ్లడంలో తప్పులేదు. డెల్టాలో లూథరన్లు, బ్రదరన్లు, పెంతెకొస్తువాళ్లు మన పక్కింటివాళ్లే, చుట్టాలే. కానీ అది ఆదివారం పూజకి బదులు కాదు, అక్కడి రొట్టె, రసం మనం తీసుకోకూడదు. పఠనానికి వాళ్ల బైబిలు తెచ్చుకుంటే ఒక్కోసారి పఠనమే దొరకదు. దానిలో 66 గ్రంథాలు, మన దానిలో 73. తోబీతు, మక్కబీయులు, సీరా జ్ఞానగ్రంథం ఎంత వెతికినా కనబడవు.

లంకకోడలు — బుధవారం, మధ్యాహ్నం 2:15

మగాళ్లంతా ఆదివారం దగ్గరే ఆగిపోయారు. మిగతా ఆరు రోజులు ఇంట్లో జపం నడిపేది ఎవరండీ మరి?

కుటుంబ జపం ఎందుకు పడిపోతుందో చెప్తాను వినండి. జపమాల అయిదు పదులు నిదానంగా చెప్తే ఇరవై నిమిషాలు. దానికి ముందు పాట, వెనక మరియమాత ప్రార్థన మాల, ఆ తర్వాత అంతోని వారి జపం, చనిపోయిన అందరి పేర్లు, మళ్లీ పాట. యాభై నిమిషాలవుతుంది. మూడో తరగతి పిల్లాడు గోడకి ఆనుకుని నిద్రపోతాడు, పెద్దపిల్ల హోంవర్కు అంటుంది, ఆయన ఫోను వచ్చిందని గట్టెక్కుతాడు. నెల తిరక్కుండా జపం ఆగిపోతుంది. ఆగిపోయాక మళ్లీ మొదలుపెట్టడానికి సిగ్గు.

చిన్నపిల్లలుంటే ఒక్క పది చాలండి. ఒక పరలోక జపం, పది మంగళవార్తలు, ఒక త్రిత్వ స్తోత్రం. మూడున్నర, నాలుగు నిమిషాలు. పిల్లలే నడిపించాలి, పెద్దలు జవాబు చెప్పాలి. పెద్దపిల్లకి పన్నెండు వచ్చేసరికి రెండు, మూడు పదులవుతాయి. అక్టోబరు జపమాల నెల కాబట్టి ఆ నెల అయిదూ చెప్పుకోవచ్చు. వేళ మాత్రం అన్నం గిన్నె పొయ్యి మీద నుంచి దించాక, వడ్డించకముందు. ఆకలి మీద ఎవరూ పాట పొడిగించరు లెండి.

ఇంకో చోట చెడేది వేగం దగ్గర. చెప్పేవాళ్లు తమ సగం ముగించకముందే జవాబు వాళ్లు అందుకుంటారు, ఒకరి మీద ఒకరు పడి బస్సెక్కుతున్నట్టుంటుంది. ఒక ఊపిరి ఆగండి, అంతే.

రహస్యాలు రోజువారీ: సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం వెలుగు. ఈ వెలుగు రహస్యాలు 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు చేర్చినవి, అందుకే అమ్మమ్మల పాత పుస్తకాల్లో ఉండవు. పుస్తకం తప్పని పారేయకండి.

ఏరేటర్ — బుధవారం, సాయంత్రం 6:20

లంకకోడలు గారికి ఒకటి జోడిస్తాను. త్రికాల జపం వేళలు 6, 12, 6. పొద్దున్న మేత 6, సాయంత్రం మేత 6. రెండూ కలిసిపోయాయి చూడండి! మేత డబ్బా కింద పెట్టి, టోపీ తీసి, రెండు నిమిషాలు త్రికాల జపం. మధ్యాహ్నం పన్నెండుకి ఫోను అలారం. కొత్తగా వేళ వెతుక్కోవాల్సిన పనిలేదు. పాస్కా కాలంలో మాత్రం దాని బదులు పరలోక రాజ్ఞి జపం, పెంతెకొస్తు పండగ దాకా. మేతకి ముందే చెప్పుకోండి, తర్వాతైతే ట్రే మీదకి పోతుంది ధ్యాస.

కుర్రోడు_రాజోలు — బుధవారం, రాత్రి 8:05

శుక్రవారం మాంసం మానాలంటారు. చేపా రొయ్యా తినొచ్చంటారు. గోదారి పక్కన పుట్టినోడికి ఇది శిక్షా, విందా?

పాత_ఉపదేశి — బుధవారం, రాత్రి 8:50

మంచి ప్రశ్నే అడిగావు. చట్టం ఇది: 14 ఏళ్లు నిండినవాళ్లు మాంసం మానాలి. ఉపవాసం 18 నిండినప్పటి నుంచి 59 నిండే దాకా. రెండూ కలిపి కచ్చితంగా పాటించాల్సినవి రెండు రోజులు, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం. ఉపవాసం అంటే ఒక పూట పూర్తి భోజనం, మిగతా రెండు పూటలా కొంచెం కొంచెం, ఆ రెండూ కలిపినా నిండు భోజనం కాకూడదు. కోడి, మేక, పంది, గొడ్డు అన్నీ మాంసమే. చేప, రొయ్య, పీత, గుడ్డు, పాలు, నెయ్యి అడ్డం కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు, ఎండలో బరువు పని చేసేవాళ్లు ఒళ్లు పాడుచేసుకుని ఉపవాసం ఉండక్కర్లేదు.

మామూలు శుక్రవారాలు కూడా ప్రాయశ్చిత్త దినాలే. మాంసం మానడానికి బదులు మరో తపః క్రియ పెట్టుకునే వెసులుబాటు మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్య ఇవ్వొచ్చు, మీ దగ్గర ఏది అమలులో ఉందో విచారణలో అడగండి.

లంకకోడలు — బుధవారం, రాత్రి 9:14

చట్టం సరే మాస్టారూ. ఆగస్టులో శుక్రవారం నాడు వేలకి వేలు పోసి పులస తెచ్చి, బెండకాయలు, వెన్నపూస వేసి పులుసు పెట్టి, "మేము మాంసం ముట్టం" అంటే ఎవర్ని మోసం చేసినట్టు? పులస ఎలాగూ వరద నీటికి ఎదురొచ్చే చేప, తపస్కాలంలో (ఈస్టరుకి ముందు నలభై రోజులు) దొరకదు, అందుకు బతికిపోయాం. మన వైపు శుక్రవారం అంటే చేప కూడా మాని పప్పు, చారు, మజ్జిగతో సరిపెట్టాలి. ఆ పూట కూరకి అయ్యే డబ్బు లెక్కకట్టి విడిగా డబ్బాలో వేయాలి. వేయకపోతే అది తపస్సు కాదు, పొదుపు.

తరుగులెక్క — గురువారం, ఉదయం 7:30

నిన్నటి నుంచి చదువుతున్నాను. జపాలూ ఉపవాసాలూ బాగానే చెప్పారు. కాటా దగ్గరికి ఎవరూ రాలేదేమండీ? డెల్టాలో శిష్యరికం తేలిపోయేది అక్కడే.

రొయ్యల కౌంటు సంగతి తీసుకోండి. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలో. 60 కౌంటుకీ 70 కౌంటుకీ ధరలో తేడా ఉంటుంది. నికరమైన పద్ధతి ఇదీ: చెరువులో మూడు, నాలుగు చోట్ల వల వేయాలి, ఒక్క మూల కాదు. పడినవి పడినట్టు, ఏరకుండా బుట్టలో పోయాలి. నీళ్లు ఓడేదాకా ఆగాలి. బుట్ట బరువు ముందే తూచి తీసేయాలి. రెండు కిలోలు తూగి 130 రొయ్యలుంటే కౌంటు 65, అంతే. మోసం ఎక్కడ దూరుతుందంటే, అమ్మేవాడు పెద్దవి పైకి తెస్తాడు, నీళ్లు ఓడకముందే తూస్తాడు. కొనేవాడు ఏరి చిన్నవి వేస్తాడు, బుట్ట తరుగు అరకిలో ఎక్కువ కోస్తాడు. ఇద్దరూ ఆదివారం ఒకే బల్ల మీద కూర్చుంటారు.

ధాన్యం దగ్గరా అంతే. బస్తా 75 కిలోలు. తేమ 17 శాతం దాటితే సర్కారు కొనుగోలులో అభ్యంతరం. ఇది తెలిసి ఒకడు ఆరబెట్టని ధాన్యం అడుగున వేసి, ఆరింది పైన పోస్తాడు. ఇంకొకడు బాగా ఆరిన ధాన్యానికి కూడా "తరుగు" పేరుతో బస్తాకి రెండు కిలోలు కోస్తాడు. ముప్పై బస్తాలకి 60 కిలోలు, ముప్పావు బస్తా పైనే. కౌలు రైతుకి అది ఏడాది లాభమంతా కావొచ్చు.

లేవీయకాండం 19వ అధ్యాయం చివర్లో తూనికలు, కొలతలు సరిగ్గా ఉండాలని నేరుగా రాసుంది. ఆ వాక్యం మీద మన గుడుల్లో ప్రసంగం ఎన్నిసార్లు విన్నారు?

కుర్రోడు_రాజోలు — గురువారం, ఉదయం 7:52

ఇదంతా వ్యాపారం గోల కదన్నా, భక్తికి ఏం సంబంధం?

తరుగులెక్క — గురువారం, ఉదయం 8:20

భలేవాడివే తమ్ముడూ. రెండో వాటికన్ మహాసభ 1964లో ఇచ్చిన శ్రీసభ పత్రం, లూమెన్ జెంషియం, 31వ పేరాలో గృహస్థుల పిలుపు ఏమిటో చెప్పింది. లోకవ్యవహారాల్లోనే ఉండి, వాటిని దేవుని చిత్తం ప్రకారం నడపడం. గురువు బలిపీఠం దగ్గర ఉంటాడు, నువ్వు కాటా దగ్గర ఉంటావు.

ఇంకొన్ని చెప్తాను, ఎవరికి తగిలితే వాళ్లు తీసుకోండి. దాళ్వాలో (రబీ వరిలో) నీళ్లు వంతులవారీగా ఇచ్చేటప్పుడు రాత్రిపూట ఇంజను పెట్టి బోదెలోంచి లాగేయడం, శివారు రైతు నారు ఎండడం. చెరువు ఉప్పునీరు మురుగు కాలవలోకి పోనివ్వకుండా పక్కనున్న పంటబోదెలోకి వదలడం, ఆ నీరు పారిన మడిలో వరి కొసలు మాడడం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన మందులు వాడి "వాడలేదు" అని సంతకం పెట్టడం. నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం, అదీ ఆపదలో ఉన్నవాడికి. నాట్ల కూలీ "వచ్చేవారం ఇస్తాలే" అనడం. కూలి పొద్దుగూకకముందే ఇవ్వమంది ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం. కూలివాడి జీతం ఎగ్గొట్టడం నెత్తురు చిందించడమేనంటుంది సీరా 34వ అధ్యాయం. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2434వ పేరా ఇంకో అడుగు ముందుకేసి, ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన ఆ జీతం న్యాయమైపోదంటుంది. "వాళ్లే ఒప్పుకున్నారండి" అనే మాటకి అక్కడ తలుపు మూసేశారు.

ఏరేటర్ — గురువారం, మధ్యాహ్నం 1:05

ఆయ్, ఒప్పుకుంటాను. ఆదివారం పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) గురించి కూడా తేల్చండి. వైట్ స్పాట్ వైరస్ జబ్బు తగిలితే గంటలు లెక్క, ఆదివారమని ఆగితే చెరువు మొత్తం పోతుంది. అది పాపమంటే మాత్రం నేనొప్పుకోను.

తరుగులెక్క — గురువారం, మధ్యాహ్నం 1:40

వైట్ స్పాట్ పట్టుబడి పాపం కాదు, ఆవో దూడో బావిలో పడితే తీయడమే అది. నేను అడిగేది మామూలు పట్టుబడి. ఆదివారమైతే మనుషులు ఖాళీగా దొరుకుతారని కావాలని ఆ రోజే పెట్టుకునేవాళ్లు ఉన్నారు. వల లాగే ముఠాలో కూడా మనవాళ్లే ఉంటారు, వాళ్ల పూజ ఎవరి లెక్కలో పడాలి? విశ్రాంతి ఆజ్ఞ దాసుడికీ దాసికీ కూడా అని నిర్గమకాండం 20లో రాసుంది. తప్పనిసరై పెట్టుకుంటే ముఠా మేస్త్రితో ముందు రోజే మాట్లాడి, శనివారం సాయంత్రం పూజకి వాళ్లని వదలండి. ఆటో ఖర్చు మీరే పెట్టుకోండి, చెరువు మీద పోయేదానిలో అదెంత?

పాత_ఉపదేశి — గురువారం, రాత్రి 9:30

తరుగులెక్క గారు చెప్పినవన్నీ పాపసంకీర్తనంలోకి రావాలి. చాలామంది అక్కడ "కోపపడ్డాను, జపం మానేశాను" దగ్గరే ఆగిపోతారు. పద్ధతి చెప్తాను.

రాత్రి పడుకోబోయే ముందు అయిదు నిమిషాల ఆత్మపరిశోధన, పునీత ఇజ్ఞాసియార్ (లొయోలా ఇగ్నేషియస్) నేర్పిన వరసలో: రోజుకి కృతజ్ఞత, వెలుగు కోసం వేడుకోలు, పొద్దున్నుంచి గంట గంటా తిరిగి చూడడం, తప్పుకి పశ్చాత్తాపం, రేపటికి ఒక్క తీర్మానం. ఒక్కటే, పది కాదు. చెరువులవాళ్లు పలక మీద రాసిన మేత వేళలు పట్టుకుని చూసుకుంటే రోజు చక్కగా గుర్తొస్తుంది.

పాపసంకీర్తనంలో కిందటిసారి ఎప్పుడు చేశారో, పెళ్లైందా లేదా, వృత్తి ఏమిటో చెప్పాలి. ఘోరపాపాలు ఏ రకానివో, సుమారు ఎన్నిసార్లో చెప్పాలి. కథ అక్కర్లేదు, ఇంకొకరి పేరు అసలే వద్దు. "సరుకు తూకంలో మోసం చేశాను, ఈ సీజనులో సుమారు నాలుగుసార్లు" అంటే చాలు. పశ్చాత్తాప జపం, క్షమాపణ, ప్రాయశ్చిత్తం. గురువు ఆ మాట ఎవరికీ చెప్పకూడదు, ఏ పరిస్థితిలోనూ.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. దొంగిలించింది, తూకంలో కోసింది తిరిగి ఇవ్వాలి. క్షమాపణ దొరికింది కదా అని అరవై కిలోల ధాన్యం మనదైపోదు. ఎవరిదో తెలిస్తే వాళ్లకే చేరాలి. పేరు బయటపెట్టుకోనక్కర్లేదు, మరో లెక్కలో ఎక్కువ తూచి ఇచ్చినా, కవరులో పెట్టి పంపినా చెల్లుతుంది. మనిషి దొరక్కపోతేనే పేదలకి. ఎదురుగా ఉన్న కౌలు రైతుకి ఎగ్గొట్టి గుడికి గంట చేయించడం మాత్రం కుదరదు. ఒక్కసారి ఇవ్వలేకపోతే వాయిదాలు పెట్టుకోవచ్చు, గురువునే అడగండి. జక్కయ నాలుగింతలు ఇస్తానన్నాడు, మనకి ఒక్కింతకే చెమట పడుతుంది.

వేదిక నిర్వాహకులు — శుక్రవారం, ఉదయం 8:00

కుల ధృవపత్రాలు, బీసీ-సీ రిజర్వేషన్ మీద వచ్చిన ఏడు పోస్టులు వేరే చర్చకి మార్చాం. అది పెద్ద విషయం, ఇక్కడ ఇరికిస్తే రెండూ చెడతాయి. పెళ్లి ప్రశ్నలకి కూడా అంతే. ఒక్క మాట మాత్రం: వేరే మతంవారితో పెళ్లికి మేత్రాణుల అనుమతి ముందే రావాలి, కార్డులు అచ్చయ్యాక విచారణకి వెళ్లకండి.

తెల్లకోటు — శుక్రవారం, మధ్యాహ్నం 12:20

జబ్బు మనుషుల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. మనవాళ్లు వ్యాధిగ్రస్తుల అభ్యంగనాన్ని (జబ్బు మనిషికి గురువు నూనె పూసి ఇచ్చే సంస్కారం) చావు కబురులా చూస్తారు. ఫాదర్ గారిని పిలిస్తే "అయిపోయిందనుకుంటారు" అని ఆగుతారు. ఊపిరి ఆగాక పిలుస్తారు, అప్పుడు ఆయన ప్రార్థన చేయగలరు గానీ అభ్యంగనం ఇవ్వలేరు. జబ్బు వల్లో వయసు వల్లో ప్రమాదం మొదలైనప్పుడే ఇవ్వాలి. పెద్ద ఆపరేషనుకి ముందు తీసుకోవచ్చు. జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు. తెలివిలో ఉండగా పిలిస్తే పాపసంకీర్తనం, సత్ప్రసాదం కూడా అందుతాయి.

లంక గ్రామాలవాళ్లు ఇంకా ముందు చూసుకోవాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదారి వరదకి పంటు ఆగుతుంది, నాటు పడవా ఆగుతుంది. మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే జూన్‌లోనే అడగండి.

ఇంట్లో సిద్ధం చేయాల్సినవి: చిన్న బల్ల మీద తెల్లగుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, తీర్థం, దూది, గ్లాసు నీళ్లు, చెంచా. టీవీ కట్టేయండి. మింగలేని మనిషైతే ఆ సంగతి ముందే చెప్పండి, అప్పంలో చిన్న ముక్క చాలు. సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం నియమం జబ్బువాళ్లకీ, వాళ్లని చూసుకునేవాళ్లకీ లేదు. మందులు, మంచినీళ్లు ఎవరికీ అడ్డం కాదు.

పురిట్లో బిడ్డ ప్రాణం మీదకొస్తే జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చు, నర్సు ఏ మతమైనా సరే, శ్రీసభ చేసేది చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు. మామూలు నీళ్లు బిడ్డ తల మీద పారేలా మూడుసార్లు పోస్తూ, పేరు పెట్టి, "పిత యొక్కయు పుత్రుని యొక్కయు పవిత్రాత్మ యొక్కయు నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అనాలి. ఒకరు నీళ్లు పోసి ఇంకొకరు మాట చెప్తే చెల్లదు. వట్టి "యేసు నామమున" అంటే చెల్లదు. తడి దూదితో జుట్టు మీద అద్దడం కాదు, నీరు చర్మం మీద పారాలి. బిడ్డ బతికితే విచారణకి తీసుకెళ్లి మిగతా క్రియలు చేయించి పుస్తకంలో రాయించండి. మళ్లీ జ్ఞానస్నానం ఇప్పించకూడదు.

గట్టుమీదచెట్టు — శుక్రవారం, రాత్రి 7:40

చాలా థాంక్సండి అందరికీ. లంకకోడలు గారూ, శుక్రవారం డబ్బా అన్నారు కదా. డబ్బు కాకుండా పిడికెడు బియ్యం పద్ధతి పెట్టుకుంటే ఎంత పోగవుతుంది? పురుగు పడుతుందని కొందరు మానేశారు.

లంకకోడలు — శుక్రవారం, రాత్రి 8:25

పిడికెడు సుమారు 50 గ్రాములు. రెండు పూటలా ఎసట్లో పోసే ముందు తీస్తే నెలకి మూడు కిలోలు. పది ఇళ్లు కలిస్తే ముప్పై కిలోలు, ఒంటరి ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురికి నెల గడుస్తుంది. తినే బియ్యమే వేయాలండి, నూకలు కాదు. పురుగు పడేది డబ్బా నెలల తరబడి కదలకపోతేనే. అడుగున నాలుగు ఎండు వేపాకులు వేసి, తడిచెయ్యి పెట్టకుండా, నెలాఖరు శనివారం పంచేయండి. నెల దాటి డబ్బాలో బియ్యం ఉందంటే పంచేవాళ్లు లేరన్నమాట, ముందు వాళ్లని చూసుకోండి.

ఏరేటర్ — శుక్రవారం, రాత్రి 8:31

శనివారం సాయంత్రం పూజకి వెళ్లే వంతు ఇల్లే దారిలో పంచేస్తే సరి. బండి ఎలాగూ వెళ్తుంది.